పెద్దమ్మ తినని బిస్కెట్

మా పెద్దమ్మ పోయి పదిహేను రోజులైంది. ఆమె ఫోటో ఉన్న పాకెట్లలో ఆమె నోట పెట్టని బిస్కెట్లు నింపి అమ్ముతున్నారు. నింపుతున్నది నేను పనిచేసే భన్‌పురి బేకరీ. నింపమన్నది మా సేఠ్. మీలో చాలామంది ఇళ్లలో కుక్కలకు ఆ పాకెట్టే కొంటారు, అందుకే ముందు ఈ మాట చెప్పేశాను.

పెద్దమ్మ నాకు రక్తసంబంధం కాదు. దేవేంద్ర నగర్‌లో మా పక్క వాటా. విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ఊరికి రైల్వే పనికొచ్చిన కుటుంబం. రైల్వే ఆసుపత్రి వంటశాలలో రోగులకు పథ్యం వండి రిటైరైంది. రెండు రోజులు జ్వరం, మూడో రోజు పొద్దున్నే వెళ్లిపోయింది.

ఆ వంటశాలలో ఒక పద్ధతి ఉండేదట. పథ్యం బండి వార్డుకు కదిలేముందు వండినవాళ్లే ఒక ముద్ద తినాలి. ఆ పద్ధతినే ఆమె కుక్క బిస్కెట్లలోకి తెచ్చింది. చోడి పిండి, అంటే రాగి పిండి, గోధుమ పిండి, ఉడికించిన గుమ్మడికాయ, గుడ్డు. ఉప్పు లేదు, పంచదార లేదు. మొదట్లో మా వీధి కుక్కల కోసం ఇంట్లోనే కాల్చేది. ఒకటి రుచి చూసిన సేఠ్ బేకరీలో బిస్కెట్లు కాల్చే రెండో భట్టీ ఆమెకు ఇచ్చేశాడు. పాకెట్ మీద ఫోటో, దాని కింద హిందీలో ఆమె మాట: "నేను తిన్నాకే మీ కుక్కకు."

నేను బడిలో చదివింది హిందీ. ఆమె భట్టీ పక్కన గోడకు అతికించిన చీటీలు చదవడానికే తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నాను. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ చీటీల పుణ్యమే.

ఒక హోలీకి, అందంగా ఉంటాయని, నాన్‌ఖటాయీ బిస్కెట్లకు తెచ్చిన కిస్మిస్ ఆమె ట్రేలోని వాటి మీద అద్దాను.

"తిను," అంది పెద్దమ్మ.

తిన్నాను. "భలే ఉంది పెద్దమ్మా!"

"నీకు బాగుంటాదిలేయే. నువ్వేటి, తోకున్నదానివా? కుక్కకి కిస్మిస్ విషమే పిల్లా!"

ట్రే మొత్తం నా చేతే పారబోయించింది. తిట్టలేదు. ఆ రోజు నుంచి ఇంకో నియమం పెట్టింది: తినేముందు ఏమేం వేశామో పైకి చెప్పాలి. పక్కనున్నవాళ్లు వినాలి.

"అది నోరు తెరిసి అడగలేదు కదే, ఏటి కలిపినావని. అడిగే పని మనదే," అనేది.

ఆమె పోయిన వారానికే చోడి పిండి బస్తాలు ఆగిపోయాయి. మైదా, పంచదార, ఉప్పు, ఎర్ర రంగు వచ్చాయి. మొదటి రోజు కలిపింది నేనే. పైకి చెప్పలేదు, తినలేదు, నోరు మూసుకుని భట్టీలో పెట్టాను. ఆ తప్పు నాది. దాన్ని ఎవరి మీదికీ నెట్టను.

మర్నాడు సేఠ్‌ని అడిగాను. "కుక్కలు ఎగబడి తింటున్నాయి బేటీ, నీకేంటి బాధ?" అన్నాడు.

తింటాయి. పంచదార వేస్తే ఎందుకు తినవు? తినడం కాదు లెక్క. ఏం తింటున్నాయో తెలిసినవాళ్లు ఒకరుండాలి. ఇన్నాళ్లూ ఆ ఒకరు పెద్దమ్మ. ఇప్పుడు నేనున్నాను.

సేఠ్‌జీ, ఇది మీకు హిందీలో నేనే చదివి వినిపిస్తాను. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి షిఫ్టు మొదలయ్యేలోపు జవాబు కావాలి. చోడి పిండి తిరిగి వస్తుందా, ఆమె ఫోటో పాకెట్ మీంచి పోతుందా? అప్పటిదాకా ఆ ఎర్ర పిండి నేను ముట్టను.

ఆ రెండూ కాదంటారా? రెండో భట్టీ పక్కన పెద్దమ్మ స్టూలు అలాగే ఉంది. దాని మీద ఆమె స్టీలు పళ్లెం, పళ్లెంలో కొత్త బిస్కెట్ ఒకటి. అందులో ఏమేం కలిపించారో పైకి చెప్పండి. మేమంతా వింటాం. తర్వాత తినండి.