హెల్మెట్ లేని కొలత

ఆరేండ్లుగా ఈ బరువు మోస్తా ఉండాను. ఇంట్లో చెప్పలేదు, షెడ్డులో చెప్పలేదు. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కె.ఆర్.పురం పక్కన నాకొక షెడ్డు ఉండాది. పాతకాలపు రేసు కార్లకు అచ్చం నకళ్లు కడతాం. నా చదువు ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు స్పేరు పార్టుల డబ్బాల మీద నేర్చుకున్నాను. డిగ్రీలవాళ్లు నాకు పని నేర్పబోతే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంటే దీనికంతా కారణమా? అట్లా అంటే తప్పు నుంచి నేను తప్పించుకున్నట్టే.

ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే మురళి ఒక కారు కట్టమన్నాడు. పైకప్పు ఉండదు. ట్రాక్ మీద పరుగెత్తాల, ఆదివారం రోడ్డు మీదా తిరగాల. ఏమేం కావాలో కూర్చుని రాసుకున్నాం. చక్రాలు, బ్రేకులు, చివరికి డ్రైవరు తల వెనక వంచి నిలబెట్టే ఇనుప పైపు. కారు బోల్తా పడితే నేలకు ఆ పైపు తగలాల, తల కాదు. అది ఎత్తుగా ఉంటే పాత కారు అందం పోతుందని మురళి ఒకటే పోరు.

మా కొలత పద్ధతి ఒకటుంది. మనిషిని గోనెపట్ట మీద కాళ్లు చాపించి, గోడకు ఆనించి కూర్చోబెట్టి, నడినెత్తి దగ్గర సుద్దతో గీత పెడతాం. గీతకు రెండు వేళ్లు పైన పైపు. హెల్మెట్ పెట్టించే కొలవాల, ఆ రోజు మురళి తేలేదు. ఉత్త తలకే గీత పెట్టి పంపించినాను.

కంప్యూటరులో బొమ్మలు గీసే ఎస్తేరు, ఒంగోలు నుంచి వచ్చి మా దగ్గర చేరిన మనిషి, మధ్యాహ్నం అడిగింది.

“అన్నా, ఇది హెల్మెట్ పెట్టించి కొలిచిందేనా?”

“నువ్వు పుట్టకముందు నుంచి కొలస్తా ఉండానమ్మా. గీత గీయి, చాలు.”

“గీస్తాలే అన్నా. మీ సర్వీసు ఎంతని అడగలేదు నేను. హెల్మెట్‌తోనా, లేకుండానా? కొలతల షీటులో రాయాలి.”

వెల్డింగు వాళ్లు నన్ను చూసి నవ్వినారు.

“హెల్మెట్‌తోనే. రాసుకో.”

మరుసటి రోజు దిద్దుకుని ఉండొచ్చు. పైపు ఇంకా వంచలేదు. ఎందుకు దిద్దుకోలేదు? మళ్లీ నవ్వుతారని. అంతే, అంత చిన్న కారణం. కారు తయారైనాక ట్రాకుకు రమ్మని మురళి పిలిస్తే మోకాలి నొప్పి అన్నాను. హెల్మెట్ పెట్టుకుని ఆ సీటులో కూర్చున్న మనిషిని చూడటం ఇష్టం లేక.

ఆ రోజు ట్రాకు మలుపులో కారు తిరగబడి, పైపు కంటే ముందు హెల్మెట్ నేలకు తగిలింది. మురళి బతికినాడు. మెడ మాత్రం ఎడమకు తిరగదు, ఆ పక్కనుంచి పిలిస్తే మనిషి మనిషంతా తిరగాల. వాళ్లన్న షీటు పట్టుకుని వచ్చినాడు. అందులో ‘హెల్మెట్‌తో’ అని, కింద ఎస్తేరు సంతకం. ఉత్త తల కొలత ఇచ్చి హెల్మెట్ ఎత్తు కలుపుకోమన్నాను, ఈమె కలపలేదు అని చెప్పినాను. ఎస్తేరు నన్నే చూస్తా నిలబడింది. నలభై ఏండ్ల చేయి కదా నాది, అందరూ నన్నే నమ్మినారు. ఆ తర్వాత ఏ షెడ్డూ ఆమెను పెట్టుకోలేదు.

పోయిన వారం ఆనేకల్‌లో ఒక జెరాక్స్ అంగట్లో కనిపించింది. నా కాగితం నకలు తీసిచ్చి, బాగున్నారా అన్నా అనింది. తలూపి బయటికొచ్చేసినాను. తిట్టుంటే అక్కడే చెప్పేసేవాణ్ణేమో. చూడండి, ఇప్పటికీ తప్పు ఆమె దగ్గరే వెతుకుతా ఉండాను.

క్షమించమని అడిగే ముఖం లేదు. ఉత్త తలను కొలిచింది నేను. అబద్ధం చెప్పింది నేను. ఎస్తేరు నేను చెప్పింది చెప్పినట్టు రాసింది. ఈ రాత మీ చేతికి వచ్చినాక, ఇక కాదని అనలేను. నాకు హాయి అదొక్కటే.