గడువు లేని మైల

తిరుపతిలో ఆ చిన్న వేణుగోపాలస్వామి గుడి ఎక్కడుందో ఆటోవాళ్ళకు కూడా సరిగా తెలియదు. కొండకు వచ్చే జనానికి అలాంటి గుళ్ళతో పనిలేదు. కానీ శనివారం పొద్దున అక్కడి పులిహోర తిన్నవాళ్ళు వీధి పేరు మరిచిపోయినా శేషసాయి పేరు మరిచిపోరు. ఆ గుడి మడపల్లిలో, అంటే స్వామికి నైవేద్యం వండే వంటింట్లో, శేషసాయి పాతికేళ్ళు పొయ్యి ముందు నిలబడ్డాడు. అంతకు ముందు అక్కడ నిలబడినవాడు అతని తండ్రి రామానుజ.

నైవేద్యం వంటలో ఒక చిక్కుంది. రుచి చూడకూడదు. స్వామి ఆరగించేదాకా వండినవాడు ఒక్క మెతుకు నోట వేసుకోకూడదు. ఉప్పు ఎంతో చెయ్యే చెప్పాలి. శేషసాయి చెయ్యి ఎప్పుడూ తప్పు చెప్పలేదు. అందుకు మనిషికి కాస్త గర్వం కూడా ఉండేది. "నాకు సదువు అబ్బలేదబ్బా, ఉప్పు అబ్బింది" అని నవ్వేవాడు. మడి పంచె కట్టుకుని లోపలికి పోయాడంటే భార్య పలకరించినా పలికేవాడు కాదు. ఆ మనిషికి లోకమంటే ఆ నాలుగు గోడలే. బయట ఉన్నదంతా అక్కడికి పోవడానికి దారి.

కొన్నేళ్ళ కిందట ఒకనాడు తాలింపు వేస్తుంటే మరిగే నూనె మోచేతి మీద చిందింది. చర్మం పొంగింది గానీ మంట తెలియలేదు. చూసుకుంటే అక్కడ పాలిపోయిన మచ్చ ఒకటుంది. గిల్లి చూసుకున్నాడు. ఎవరి చెయ్యో గిల్లినట్టుంది.

తిరుపతిలో పరీక్ష చేయించుకోవడానికి భయపడ్డాడు. ఏ ల్యాబుకు పోయినా తన పులిహోర తిన్నవాడు ఒకడుంటాడు. అందుకని బస్సెక్కి చిత్తూరు పోయి, హైదరాబాదు కంపెనీ వాళ్ళ పెద్ద ల్యాబులో పరీక్షకు చర్మం ముక్క తీయించుకున్నాడు. కౌంటరులో అమ్మాయి ఏం పని చేస్తారని అడిగితే "వంట" అనడానికి నోరు రాలేదు. గుడి పేరు చెప్పి, మడపల్లి కైంకర్యం అని వివరంగా చెప్పాడు. ఆ అమ్మాయి అంతా కంప్యూటరులో ఎక్కించింది. అది కుష్టు అని రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. మన వైపు ఆ పేరు కూడా పలకరు, పెద్దరోగం అంటారు.

డాక్టరు మంచివాడు. "ఇది ఇంకా మొదట్లోనే ఉంది, ఒకే మచ్చ. మాత్రలు మొదలుపెట్టినాక మీ వల్ల ఇంకొకరికి అంటేది లేదు. భయపడొద్దు" అన్నాడు. అయినా శేషసాయి పొయ్యి ముట్టలేదు. కార్వేటినగరంలో అత్తగారు మంచాన పడిందని గుళ్ళో చెప్పి, అక్కడే ఉండి మాత్రల కోర్సు మొత్తం మింగి, పూర్తిగా నయమైందని డాక్టరు చెప్పాకే తిరిగి మడపల్లి గడప దాటాడు. విషయం తనకు, భార్య రంగనాయకికి, డాక్టరుకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాడు. పిచ్చివాడు! రోగం ఒంట్లోంచి పోయింది గానీ కంపెనీ కంప్యూటరులోంచి పోలేదు. అక్కడ దాన్ని భద్రంగా దాచిపెట్టారు, దొంగ వచ్చి ఎత్తుకుపోయేదాకా.

మొన్నటి ఏడాది వానాకాలంలో ఫోనుకు ఆ ల్యాబు కంపెనీ నుంచి మెసేజీ వచ్చింది. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే కూతురు హంసిని చదివి వినిపించింది. మా వ్యవస్థలోకి బయటివారు ప్రవేశించినట్టు గుర్తించాము, మీ పేరు, చిరునామా, వృత్తి, పరీక్ష ఫలితాలు వారికి చేరి ఉండవచ్చు, మీ గోప్యత మాకు ఎంతో ముఖ్యం, దయచేసి పాస్‌వర్డ్ మార్చుకోండి. అంత ముఖ్యమైన గోప్యతను వీధిలో పారేసుకున్నవాళ్ళే, ఇప్పుడు ఇల్లు గలవాడిని తాళం మార్చుకోమంటున్నారు.

"నాకు పాస్‌వర్డ్ యాడుండాది?" అన్నాడు శేషసాయి.

"ఏం పరీక్ష నాయనా అది?" అంది హంసిని.

కూతురికి చెప్పక తప్పలేదు. ఆ పిల్ల దగ్గరకు వచ్చి మోచేతి మీద ఆ మచ్చ ఉన్నచోట చెయ్యి వేసి నిమిరింది. శేషసాయికి ఏడుపు వచ్చింది. లీకైనందుకు కాదు, ఇన్నేళ్ళు ఈ పిల్లకు కూడా దాచినందుకు.

వారం తిరక్కముందే ఫోన్ వచ్చింది. గొంతు చిన్నవాడిది, మాట మహా మర్యాద. "పంతులుగారూ, మీ రిపోర్టు మా దగ్గర ఉంది. గుడి పేరు కూడా ఉంది. మీరు ఎంతో కొంత డబ్బు పంపిస్తే మా దగ్గరే ఉండిపోతుంది. లేకపోతే మీ గుడి వాళ్ళకు పంపాల్సి వస్తుంది" అన్నాడు. శేషసాయి ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

హంసిని స్నేహితురాలి తండ్రి పాల్ చిత్తూరు కోర్టులో వకీలు. తండ్రీకూతుళ్ళు ఆయన దగ్గరకు పోయారు. పాల్ అంతా విన్నాడు.

"సామీ, మొదట ఆ మెసేజీ తుడిచెయ్యొద్దండి. ఫోటో తీసి పెట్టుకోండి. ఆ నా కొడుకు మళ్ళా ఫోన్ చేస్తే ఎత్తొద్దు, పైసా పంపొద్దు. ఒకసారి పంపినారంటే మీరు వానికి నెలనెలా జీతమిచ్చే దొర అయిపోతారు. సైబర్ పోలీసుకు ఈ పొద్దే ఫిర్యాదు ఇస్తాం. ఆధార్ వేలిముద్రలు లాక్ చేయించమ్మా హంసినీ, బ్యాంకులో కూడా చెప్పు. కంపెనీకి నోటీసు ఇస్తాను. ఏమేం పోయింది, రోగం నయమై ఇన్నేళ్ళైనా ఆ రిపోర్టు ఎందుకు పెట్టుకున్నారు, ఇంక చెరిపెయ్యండని అడుగుతాం."

"వాళ్ళకు శిక్ష పడదా?" అన్నాడు శేషసాయి.

"కొత్త చట్టంలో జరిమానా కోట్లలో ఉండాది. అదింకా పూర్తిగా అమల్లోకి రాలా. వచ్చినా ఆ డబ్బు సర్కారుకు పోతాది, మీకు రాదు."

"నా రోగం అమ్ముకుంటే డబ్బు సర్కారుకా?"

"ఆ ప్రశ్న నన్ను అడగొద్దు సామీ. మీకంటూ పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్ ఉండాది, పాత ఐటీ చట్టం ఉండాది. కేసు వేస్తే మీ పేరు దాచమని అర్జీ పెడతాం. కానీ ఆడ నష్టం సూపించాల. ఆ నష్టం లీకు వల్లనే జరిగిందని సూపించాల. ఇప్పటికైతే దేవుని దయ వల్ల ఏమీ జరగలేదు. జరక్కుండా సూసుకుందాం. మీరు నోరు మూసుకుని ఉండండి. గుళ్ళో అసలే చెప్పొద్దు."

అన్నీ చేశారు. పోలీసులు ఫిర్యాదు తీసుకుని నంబరు ఇచ్చారు. ఆ మర్యాదస్తుడు మళ్ళీ ఫోన్ చేయలేదు. వేలల్లో ఉన్నారు వాడి జాబితాలో, ఒక వంటవాడి కోసం ఎంతకాలం తీరిక ఉంటుంది వాడికి? కానీ ఆ సంగతి శేషసాయికి ఎవరు చెప్తారు! గుడి ఆఫీసులో ఫోన్ మోగితే చాలు, మడపల్లిలో అతని చేతిలోని గరిటె ఆగిపోయేది. ఇన్నేళ్ళూ గుళ్ళో దాచాననే బాధ లేదతనికి, లేని రోగం గురించి చెప్పడానికేముంది అనుకున్నాడు. ఇప్పుడు తన గుట్టు ఏ ఊళ్ళోనో ఏ కుర్రాడి చేతిలోనో ఉంది. దాంతో అతని చెయ్యి అతని మాట వినడం మానేసింది. ఒక శనివారం పులిహోర ఉప్పు కషాయమైంది. రెండో శనివారం దద్ధ్యోదనంలో ఉప్పే పడలేదు.

గుడి పెత్తనం చూసే పెద్దమనిషి గోవిందస్వామి. చెడ్డవాడు కాదు. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగారు. ఆయన మడపల్లి గడప దగ్గరకు వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా అడిగాడు.

"శేషసాయీ, ఇంట్లో ఏమన్నా మైలా?"

ఆ ప్రశ్న అక్కడ ఊరికే అడిగే ప్రశ్న కాదు. దాయాదుల్లో ఎవరైనా పోయిన కబురు చెవిన పడితే వండేవాడు తనంత తానే చెప్పి, పొయ్యి వదిలి బయటికి పోవాలి. సాక్ష్యం ఎవరూ అడగరు, అతని మాట చాలు. మైల తీరే రోజున స్నానం చేసి వస్తే ఎవరూ ఏమీ అనరు, పొయ్యి మళ్ళీ అతనిదే. దాచి వండితే మాత్రం స్వామికి ఎంగిలి పెట్టినట్టు. ఆ గడప దగ్గర నిలబడి ఆ మాట అడిగితే తండ్రి రామానుజ ఏనాడూ అబద్ధమాడలేదు, శేషసాయీ ఆడలేదు. వకీలు చెప్పిన మాట గుర్తుంది. గుర్తుండీ నోరు తెరిచాడు. చెప్పేస్తే, కొన్నాళ్ళు బయట ఉండమంటారు, గడువు చెప్తారు, గడువు తీరాక రమ్మంటారు. లోకమంతా ఆ మడపల్లి లెక్కనే నడుస్తుందని నమ్మాడు వెర్రిబాగులవాడు.

పెద్దరోగం మాట విని గోవిందస్వామి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎప్పటి నుంచి?"

"పోయింది స్వామీ. ఎప్పుడో పోయింది. నయమైనాకనే నేను లోపలికి వచ్చినాను."

"పోయింటే ఇప్పుడెందుకు చెప్తాండావు?"

పొయ్యి మీద పప్పు ఉడుకుతూనే ఉంది. శేషసాయి దాన్ని అలాగే వదిలి బయటికి వచ్చాడు.

ట్రస్టు కమిటీ కూర్చుంది. డాక్టరు సర్టిఫికెట్ తెమ్మంది. తెచ్చాడు. కుష్టు పూర్తిగా నయమైంది, ఇతరులకు సోకే ప్రమాదం లేదు అని డాక్టరు స్పష్టంగా రాసిచ్చాడు. కమిటీ పెద్దలకు అందులో మొదటి మాట ఒక్కటే కనబడింది. ఒకాయనైతే ఆ కాగితాన్ని ముట్టుకోకుండా పెన్ను కొసతో తిప్పి చదివాడు. సాయంకాలానికి వీధి అంతా తెలిసిపోయింది. దొంగ చేస్తానని బెదిరించి చేయని పనిని పెద్దమనుషులు పైసా అడగకుండా చేసి పెట్టారు. గుడి ముందు చెప్పుల స్టాండులో కూర్చునే పని ఇస్తామని దయ కూడా చూపించారు. శేషసాయి ఒప్పుకోలేదు.

"వకీలు నోరు మూసుకోమనె కదా! ఆ ఒక్క పని చేతకాలేదా మీకు?" అని రంగనాయకి కళ్ళనీళ్ళతో గొడవ పెట్టుకుంది. వరలక్ష్మీ వ్రతానికి ఆ ఏడు ఆమెను ఎవరూ పేరంటానికి పిలవలేదు.

"గడప దగ్గర అడిగినాడే" అన్నాడు. అంతకు మించి చెప్పడం అతనికి తెలియదు.

పాల్ తల పట్టుకున్నాడు. అయినా వదిలిపెట్టలేదు. నయమైన రోగానికి పనిలోంచి తీసేసినందుకు గుడి ట్రస్టు మీదా కేసు వేయొచ్చన్నాడు. "స్వామి మీద కేసా?" అని శేషసాయి చెవులు మూసుకున్నాడు. సరే, కంపెనీని పట్టుకుందాం, ఇప్పుడు నష్టం కళ్ళెదుటే ఉంది కదా అని ఇంకో నోటీసు పంపాడు పాల్. హైదరాబాదు నుంచి జవాబు వచ్చింది. జరిగినదానికి మా క్లయింటు చింతిస్తున్నారు, అయితే మీ ఉద్యోగం పోవడానికి మా డేటా లీకు కారణం కాదు, మీ ఆరోగ్య సమాచారాన్ని మీ యాజమాన్యానికి మీరే స్వచ్ఛందంగా తెలియజేశారు. ఇంగ్లీషులో ఉన్న ఆ ముక్కను హంసిని తెలుగులో చెప్పింది గానీ తండ్రి ముఖం చూడలేకపోయింది.

"ఆ దొంగ గుడికి ఫోన్ చేసింటే మనం గెలిచేవాళ్ళం సామీ. ఒకసారి మీ పెద్దాయన్ను కనుక్కోండి. ఏదైనా ఫోన్ వచ్చిందేమో, వచ్చింటే రాసివ్వమని అడగండి" అన్నాడు పాల్.

శేషసాయి గోవిందస్వామి దగ్గరకు పోయాడు. గుడి ఆఫీసు వాకిట నిలబడి సంగతి చెప్పాడు. గోవిందస్వామి మనసులోనూ ముల్లు ఉంది.

"ఏ ఫోనూ రాలేదప్పా. అయినా వచ్చిందనే రాసిస్తా. ఆ ఫోన్ వల్లనే తీసేసినామని రాస్తా. కోర్టుకు పిలిచినా వచ్చి అదే చెప్తా. చిన్నప్పటి నుంచి తెలిసినోడివి, ఆ మాత్రం చెయ్యకుంటే ఎట్లా?"

"ప్రమాణం చేసి అబద్ధం చెప్తారా స్వామీ, నా కోసం?"

"చెప్తా. పాపం వస్తే నాకే రానీ."

శేషసాయికి ప్రాణం లేచి వచ్చింది. ఇంత ప్రేమ ఉన్న మనిషిని ఇన్నాళ్ళు అడగకపోయానే అనుకున్నాడు.

"అయితే అబద్ధం వద్దు స్వామీ. నిజమే చెప్పండి. నాకు రోగం లేదని కమిటీలో మీరొక్క మాట చెప్పి నన్ను లోపలికి రానీండి. నాకు పరిహారం వద్దు, ఏమీ వద్దు. ఎన్నాళ్ళు ఆగమంటే అన్నాళ్ళు ఆగుతా. గడువు చెప్పండి చాలు."

గోవిందస్వామి తల దించుకున్నాడు. "అది మాత్రం అడగొద్దు శేషసాయీ."

"కాగితం కూడా వద్దులేండి" అని శేషసాయి వెనక్కి తిరిగాడు.

"ఉండు, ప్రసాదం తీసుకోకుండా పోతావా?" అని గోవిందస్వామి లోపలికి పోయి పులిహోర తెచ్చాడు. శేషసాయి దోసిలి పట్టాడు. ఆయన జానెడు ఎత్తు నుంచి, చెయ్యికి చెయ్యి తగలకుండా, దోసిట్లో పడేశాడు. మడిలో ఉన్నవాళ్ళు ఎవరికైనా అలాగే వేస్తారు. పాతికేళ్ళు శేషసాయీ అలాగే వేశాడు. పట్టేవాళ్ళకు ఎలా ఉంటుందో ఆ వాకిట్లో నిలబడేదాకా అతనికి తెలియలేదు.