రెండు వందల నలభై ముక్కలు, ఒకటే తప్పు

రిటైరవడానికి మూడేళ్ళ ముందు, జూన్ నెల మొదటి సోమవారం నాడు నాకు డెప్యుటేషన్ ఉత్తర్వు అందింది. అప్పుడు నేను ఆత్మకూరులో ఒక వృత్తి శిక్షణ సంస్థలో వడ్రంగం ట్రేడుకు అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్ని. పేరు పొడుగ్గా ఉందని ఎవరూ భయపడనక్కర్లేదు. మా శాఖలో ఈ హోదాకు పైన డెప్యూటీ ట్రైనింగ్ ఆఫీసరు, ఆయనకు పైన ప్రిన్సిపాలు ఉంటారు. కింద మాత్రం రంపాలు, ఉలులు, ఒక చీపురు ఉంటాయి. ఉత్తర్వు ప్రకారం నేను మూడు నెలల పాటు వారానికి మూడు రోజులు ఉదయగిరి వెళ్ళి, చెక్క గరిటెలు చెక్కే ఆడవాళ్ళకు మిషన్ మీద పెట్టెలు చేయడం నేర్పాలి.

మిషన్ అంటే టేబుల్ సా. ఇనుప బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపపు బిళ్ళ పైకి లేచి తిరుగుతూ ఉంటుంది. చెక్కను తోస్తే కోస్తుంది, వేలును తోసినా అంతే శ్రద్ధగా కోస్తుంది. అది మా సంస్థ మిషనే. ఉదయగిరిలో ఒక షెడ్డులో పెట్టి ఏడాది దాటినా, దాని మీద బట్టలు ఆరేయడం తప్ప వేరే పని జరగలేదని మా ప్రిన్సిపాలుకు సమాచారం అందింది. దాన్ని ఆత్మకూరుకు తెచ్చేసుకోవాలని ఆయనకు ఉంది. మిషన్ అక్కడే ఉండాలా, లారీ ఎక్కాలా అన్నది మూడు నెలల తర్వాత నేనిచ్చే నివేదిక తేలుస్తుంది. బయల్దేరే ముందు ఆయన నన్ను గదిలోకి పిలిచి, "గరిటెలు చెక్కేవాళ్ళకి మిషన్ ఏంటికయ్యా? పోయి చూసి, వాళ్ళ చేత కాలేదని రెండు ముక్కలు రాసి పంపించు" అన్నారు. శిక్షణ మొదలుకాక ముందే ఫలితం చేతికిచ్చిన అధికారిని నేను అంతకుముందు చూడలేదు. సరే సార్ అన్నాను. ఆ రెండు మాటలు అనడంలో నాకు పాతికేళ్ళ పైబడి అనుభవం ఉంది.

ఉదయగిరి బృందానికి పెద్ద షంషాద్ బీ. నలభై అయిదేళ్ళు ఉంటాయేమో. ఆమెతో కలిపి పద్నాలుగు మంది. దుర్గం కొండల నుంచి వచ్చే కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కి, ఆకురాయితో నున్నగా రాసి, కాడల చివర చేపనో పువ్వునో తేలుస్తారు. బెంగళూరులో ఒక కానుకల దుకాణం వాళ్ళు, నాలుగేసి గరిటెలు పెట్టిన చెక్క పెట్టెలు దసరా లోపు నూట ఇరవై కావాలన్నారు. ఉత్త గరిటెలైతే వద్దు, అట్ట పెట్టెలైతే వద్దు. పెట్టెలు నచ్చితే ఏటా తీసుకుంటారు. నచ్చకపోతే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే మిషనూ పోతుంది. ఇళ్ళల్లో గిన్నెలు తోమడానికి వెళ్తున్న నలుగురిని షంషాద్ బీ ఆ పని మాన్పించి, ఒక్క ఏడాది తన మాట విని షెడ్డులో కూర్చోమని అడిగి తెచ్చింది. ఇది ఆమె నాకు మొదటి రోజే సూటిగా చెప్పింది.

"ఇది కుదరకపోతే వాళ్ళు మళ్ళా ఆ ఇళ్ళకే పోయి పని ఇమ్మని అడగాల సార్. అడిగినా పెట్టుకుంటారో లేదో. నేను ఏ మొహం పెట్టుకోని వాళ్ళ వాకిట్లో నిలబడేది?" అంది.

నేను ధైర్యం చెప్పాను. నా దగ్గర అది ఎప్పుడూ నిల్వ ఉంటుంది.

గరిటెకూ పెట్టెకూ ఉన్న తేడా ఇక్కడ చెప్పాలి. రెండు గరిటెలు అచ్చం ఒకేలా ఉండనవసరం లేదు. కన్ను ఎంత చెబితే చేయి అంత చెక్కుతుంది. పెట్టె అలా ఊరుకోదు. ఎదురెదురు పక్కలు రెండూ సమానంగా లేకపోతే ఒక మూల పైకి లేస్తుంది, మూత కూర్చోదు. షంషాద్ బీ తమ్ముడు మస్తాన్‌కు తలుపులు, కిటికీలు చేసే దుకాణం ఉంది. అంతకుముందు ఆయన నేర్పిన పద్ధతిలో వీళ్ళు పది పెట్టెలు చేసి చూశారు. ఒక ముక్క కోసి, దాన్ని పెట్టి రెండో ముక్కకు గీత గీసి, రెండోదాన్ని పెట్టి మూడోదానికి గీయడం ఆ పద్ధతి. ప్రతిసారీ పెన్సిలు గీత మందం కలుస్తూ పోతుంది. నేను మొదటి ముక్కనూ చివరి ముక్కనూ పక్కపక్కన నిలబెట్టి చూపించాను. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళలా లేరు. మస్తాన్ మీసం సవరించుకుని, తలుపులకు ఆ మాత్రం తేడా వస్తే చిత్రిక పట్టి సరిచేస్తామని, పెట్టెలంటే పిల్లకాయల ఆట సామాన్లని తేల్చేశాడు.

దీనికి మందు జిగ్. అదేమీ బ్రహ్మవిద్య కాదు. చేయి ప్రతిసారీ ఆలోచించాల్సిన పనిని ఒక్కసారి ఆలోచించి చెక్కలో బిగించేయడం. ఒక ప్లైవుడ్ పలక తీసుకుని, మిషన్ బల్ల మీదుండే రెండు గాడుల్లో జారేలా దాని అడుగున రెండు బద్దలు కొట్టాను. అప్పుడది బండిలా ముందుకూ వెనక్కూ జరుగుతుంది, పక్కకు ఊగదు. పలక మీద రంపానికి సరిగ్గా అడ్డంగా ఒక దూలం లాంటి బద్ద బిగించాను. కోయాల్సిన చెక్కను దానికి ఆనించాలి. చెక్క చివర తగిలి ఆగడానికి ఆ బద్ద మీద ఒక ఆపుడు చెక్క. అంతే. ఆపుడు చెక్కను ఒకసారి కొలిచి బిగిస్తే, ఆ తర్వాత వంద ముక్కలు కోసినా కొలబద్దతో పని లేదు.

అడ్డబద్ద మూలమట్టానికి ఉందా లేదా అన్న పరీక్ష కూడా చేసి చూపించాను. ఒక పలకను కోసి, రెండు ముక్కల్లో ఒకదాన్ని బోర్లించి, కోసిన అంచులు మళ్ళీ కలపాలి. బద్ద సరిగ్గా ఉంటే సందు కనబడదు. తేడా ఉంటే రెట్టింపై కనబడుతుంది. మూడుసార్లు మేకులు పీకి సరిచేశాక సందు పోయింది. ఆపుడు చెక్క కింది అంచును కూడా కొంచెం ఏటవాలుగా చెక్కాను. లేకపోతే అక్కడ రంపపు పొట్టు చేరి, ముక్కలు వెంట్రుకవాసి చొప్పున తగ్గుతూ వస్తాయి. ఈ వెంట్రుకవాసి గురించి నేను పద్నాలుగు మందికి ముప్పావు గంట ఉపన్యాసం ఇచ్చాను. మొత్తం ఒకటిన్నర రోజు పట్టింది. మస్తాన్ మధ్యలో వచ్చి చూసి, "ఇంతసేపటికి నేను రెండు తలుపులు బిగించి ఇంటికి పోయి అన్నం తినేటోణ్ణి సార్" అన్నాడు. ఆడవాళ్ళు దానికి సారు పీట అని పేరు పెట్టారు.

ఇక కొలత. గరిటెల్లో అన్నిటికంటే పొడుగైనది ఇరవై నాలుగు సెంటీమీటర్లు. పెట్టె లోపల ఇరవై అయిదు ఉండాలి. పొడుగు పక్కల మధ్యలో రెండు చివర్లా అడ్డ పక్కలు ఇరుక్కుంటాయి, ఒక్కొక్కటి సెంటీమీటరు మందం. అంటే పొడుగు పక్క ఇరవై ఏడు ఉండాలి. నా స్టీలు స్కేలు నాతో పాటే సర్వీసులో చేరింది. దాని మొదటి అంచు అరిగిపోయి సున్నా ఎక్కడుందో కనబడదు. అందుకని ఒకటో గీత దగ్గర మొదలుపెట్టి, చివర ఒకటి కలుపుకుని కొలవడం నాకు అలవాటు. ఇరవై ఏడు కావాలంటే ఇరవై ఎనిమిదో గీత చూడాలి. ఆ రోజు ఒకటో గీత దగ్గరే మొదలుపెట్టాను. పని పాడయ్యేది ఎప్పుడూ పరధ్యానం వల్లేనని వాళ్ళకు చెబుతూ, ఇరవై ఏడో గీత దగ్గర ఆపుడు చెక్క బిగించేశాను.

కోత మొదలైంది. ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి పడుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఇరవై ముక్కలయ్యాక షంషాద్ బీ ఒక పెట్టె కట్టి చూద్దామా సార్ అని అడిగింది. జిగ్ ఉండగా అనుమానాలు అక్కర్లేదమ్మా అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది. మర్నాడు మధ్యాహ్నానికి నూట ఇరవై పెట్టెలకు సరిపడా రెండు వందల నలభై పొడుగు పక్కలు తయారయ్యాయి. పేర్చి చూస్తే ఒక్క ముక్క కూడా గోరంత ఎక్కువ లేదు, తక్కువ లేదు. మస్తాన్‌ను పిలిపించి మరీ చూపించాను.

ఆ సాయంత్రం షంషాద్ బీ రెండు అడ్డ పక్కలు చేత్తో కోసుకుని, జిగురు లేకుండా నాలుగు ముక్కలూ నిలబెట్టి, లోపల గరిటె పెట్టింది. గరిటె దిగలేదు. కాడ చివర చేప తోక ఒక పక్క, గుంట ఒక పక్క తగిలి ఇరుక్కుపోయింది.

నేను మొదట చేసిన పని, ఆపుడు చెక్కను ఎవరు కదిలించారని గట్టిగా అడగడం. మస్తాన్ తన జేబులోంచి టేపు తీసి కొలిచి, "ఇరవై ఆరు. అన్నీ ఇరవై ఆరే సార్. ఎవురూ కదిలించలా" అన్నాడు. అప్పుడు నా స్కేలు వైపు చూసుకున్నాను. నాకు తల కొట్టేసినట్టయింది. చేత్తో కోసి ఉంటే ఓ పదిహేను ముక్కలు పాడై ఆగేవి. జిగ్ పుణ్యాన నేను ఒక్క తప్పును రెండు వందల నలభై సార్లు, వెంట్రుకవాసి తేడా లేకుండా చేయగలిగాను. పెట్టెల కోసం తెచ్చిన ఎండిన వేప చెక్క అంతా దానికే అయిపోయింది. అడ్డ పక్కలకూ మూతలకూ అడుగులకూ వేరుగా ఉంచింది తప్ప ఇంకేమీ లేదు. కొత్త చెక్క తెచ్చి ఆరబెడితే దసరా దాటిపోతుంది.

ఆత్మకూరు బస్సులో కూర్చున్నాక ఒక ఆలోచన వచ్చింది, దాచకుండా చెబుతాను. వాళ్ళ చేత కాలేదని రెండు ముక్కలు రాస్తే నా తప్పు ఎవరికీ తెలియదు. ప్రిన్సిపాలు సంతోషిస్తారు, మిషన్ ఆత్మకూరు చేరుతుంది, నేను మచ్చ లేకుండా రిటైరవుతాను. రెండు రోజులు ఆ ఆలోచనను బయటికి తోయలేదు. కూర్చోబెట్టి మర్యాదలు చేశాను.

మూడో రోజు షెడ్డుకు వెళ్ళేసరికి షంషాద్ బీ నేల మీద కూర్చుని ఉంది. ముందు ఒక గరిటె, దాని రెండు వైపులా రెండు పొడుగు పక్కలు. అడ్డ పక్కలను వాటి మధ్యలోంచి తీసి, వాటి చివరలకు బయటి నుంచి ఆనించి పెట్టింది.

"సార్, ఈ అడ్డ చెక్కల్ని లోపల ఇరికించకుండా బయట కొట్టినామంటే? లోపల ఇరవై ఆరు వస్తాది. గరిటె పండుకుంటాది చూడండి."

గరిటె హాయిగా పడుకుంది. అడ్డ పక్కలు రెండు సెంటీమీటర్లు పొడుగు కోసుకోవాలి, అంతే. వాటిని ఇంకా కోయలేదు. అతుకుల గురించి పాతికేళ్ళ పైబడి పాఠాలు చెప్పిన నాకు రెండు రోజులైనా తట్టని సంగతి ఇది. ఎందుకు తట్టలేదంటే నేను ఆలోచించింది చెక్క గురించి కాదు, నా గురించి. ఆ సంతోషంలో గట్టిగా నవ్వేశాను. ఆమె నవ్వలేదు, ఆమె రెండు రాత్రులు నిద్రపోయినట్టు లేదు.

ఈసారి ఆపుడు చెక్క నేను బిగించలేదు, స్కేలూ బయటికి తీయలేదు. షంషాద్ బీ నాలుగు గరిటెలు పక్కపక్కన పెట్టి, పక్కల మందానికి చెక్క ముక్కలే ఆనించి, ఆ బారుకు ఆపుడు చెక్కను జరిపి మర బిగించింది. రెండు ముక్కలు కోసి, పెట్టె కట్టి, గరిటెలు పెట్టి చూశాకే మూడో ముక్క. మస్తాన్ వచ్చి వంద అడ్డ పక్కలు తనే తోశాడు. పీట బాగానే ఉందని నాతో మాత్రం అనలేదు, వాళ్ళ అక్కతో అన్నాడు.

సెప్టెంబరు మొదట్లో బెంగళూరు నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. ఆరు పెట్టెలు తన ఇష్టం వచ్చినవి తీసి, ఒకదాని మూత ఒకదానికి పెట్టి చూశాడు. ఏ మూత ఏ పెట్టెకైనా కూర్చుంది. తర్వాత డ్రాయింగు తీసి, ఇందులో అడ్డ పక్కలు లోపల ఉన్నాయి, మీరు బయట ఎందుకు కొట్టారని అడిగాడు. షెడ్డులో పద్నాలుగు మందీ నా వైపు చూశారు. నేను డ్రాయింగు వైపు చూశాను. షంషాద్ బీ ఆకురాయి కింద పెట్టి, మా దగ్గర ఇట్నే చేస్తాం సార్, చివర కనబడే చోట పువ్వు చెక్కినాం చూడండి అంది. ఆయన చూశాడు, వేలితో తడిమాడు, ఉదయగిరి పద్ధతి అని నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆ పద్ధతి వయసు అప్పటికి అయిదు వారాలు. పెట్టెలన్నీ తీసుకున్నారు.

ఆయన వెళ్ళాక, నన్ను కాపాడావమ్మా అన్నాను. ఆమె కొంచెం ఆశ్చర్యంగా చూసింది.

"మిమ్మల్ని కాపాడేదానికి కాదు సార్. తప్పు జరిగిందని చెబితే పెట్టె తప్పుది అవతాది. పెట్టెకేమి, బాగుండాది గదా."

నివేదిక రాశాను. కొలత తప్పు శిక్షకుడిదని, దాన్ని సరిచేసింది శిక్షణ పొందుతున్నవారని, మిషన్ ఉదయగిరిలోనే ఉండాలని. ప్రిన్సిపాలు చదివి, రిటైరయ్యే ముందు నీ మీద నువ్వే రాసుకుంటావా, మతి పోయిందా అన్నారు. కొన్నాళ్ళు నాతో ముక్తసరిగా మాట్లాడారు. మిషన్ కదలలేదు. గిన్నెల పని మానిన నలుగురూ దాని దగ్గరే ఉన్నారు.

ఈ పని నాకు నేర్పింది ఇది. జిగ్ తప్పును ఆపదు, తప్పు ఒప్పు చూడకుండా ఇచ్చినదాన్నే మళ్ళీ మళ్ళీ చేస్తుంది. కాబట్టి మొదటి పెట్టె కట్టి, అందులో పెట్టాల్సిన వస్తువు పెట్టి చూడకుండా మూడో ముక్క కోయకూడదు. కొలత బిగించినవాడు ఆ గదిలో అందరికంటే పెద్ద ఉద్యోగి అయితే, రెండుసార్లు చూడాలి.