హాజరులో నాన్న పేరు

నాన్న పోయాక, కువైట్‌లోని ఫర్వానియాలో నర్సుగా పనిచేసే అమ్మ నన్ను తన దగ్గరికి తెచ్చుకుంది. తొమ్మిదో తరగతిలో మొదటి రోజు టీచరు హాజరు తీసుకుంటూ నాన్న పేరు పిలిచారు. పాస్‌పోర్టులో నా పేరు చివర ఉన్నది అదే. ఆ బడిలో అందరినీ చివరి పేరుతోనే పిలుస్తారని నాకు తెలియదు. భర్త పేరు చెప్పకూడదని అమ్మ ఎప్పుడూ దాన్ని పలికేది కాదు. ఆయన పోయాక నేను ఆ పేరు వినడం అదే మొదలు.

టీచరు మళ్లీ పిలిచారు.

“ఆయన లేరు మేడమ్,” అన్నాను ఇంగ్లీషులో.

క్లాసంతా నవ్వింది. పక్కనున్న కడప పిల్ల మోచేత్తో పొడిచింది. “నిన్నే మే, పిలుచ్చాండేది! లెయ్.”

లేచి, “ప్రెజెంట్” అన్నాను.

సాయంత్రం అమ్మ అడిగింది, “బళ్లో నిన్ను ఏమని పిలుచ్చాండారు?”

నా పేరుతోనే అని అబద్ధం చెప్పాను.