మాడు మీద పుదీనా నూనె

అమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. కర్మలన్నీ అయ్యాయి, చుట్టాలు వెళ్లిపోయారు, ఉప్పల్‌లో మా రెండు గదుల పోర్షన్‌లో నేనొక్కదాన్నే మిగిలాను. పెళ్లి చేసుకోలేదు కాబట్టి ఇంట్లో నాకు మనిషంటే అమ్మే. ఆ తర్వాత నిద్ర పట్టేది కాదు, కంట తడి వచ్చేది కాదు. గుండెలో బండరాయి పెట్టుకుని ఆఫీసుకు వెళ్లొచ్చేదాన్ని. ఒక్కసారి గట్టిగా ఏడిస్తే బతుకుతాననిపించేది.

ఆఫీసులో ఒకావిడ నా మొహం చూడలేక నాచారంలో ఆదివారం క్లాసుకు లాక్కెళ్లింది. మొక్కల నూనెలతో మనసుకు వైద్యమట. టైల్స్ దుకాణం పైన హాలు, నేల మీద చాపలు, సన్నగా వీణ. నేర్పే ఆవిడ చిన్న సీసాల మూతలు తీసి అందరి ముక్కుల దగ్గరా పెట్టింది. లావెండర్ దుఃఖానికి, నిమ్మగడ్డి కోపానికి, పుదీనా గడ్డకట్టిన మనసుకు.

"నీకసలు నిమ్మగడ్డి కావాలి" అని మా ఆఫీసావిడ గొణిగింది.

కళ్లు మూసుకుని, పోయినవాళ్లను తలుచుకుని పీల్చమన్నారు. చుట్టూ అందరూ ముక్కులు చీదుతూ ఏడ్చారు. నాకు మాత్రం పచ్చడి గుర్తొచ్చింది. అయినా పుదీనా సీసా కొన్నాను, ఆశ చావదు కదా!

రెండు చుక్కలు కొబ్బరినూనెలో కలిపి రాసుకోవాలని చెప్పి పంపారు. ఇంటికొచ్చి సీసా చేతిలో పట్టుకుంటే చిర్రెత్తింది. రెండు చుక్కలేమిటి, నా మొహం! మా ఇంట్లో తలకు నూనె అంటే అరచేతి గుంట నిండాలి, మాడు మీద చరిచి ఇంకించాలి. ప్రతి ఆదివారం అమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని అలాగే పెట్టేది. ఆఫీసులో అందరినీ గదమాయించేదాన్ని, అక్కడ మాత్రం నోరెత్తేదాన్ని కాదు. అమ్మ పోయాక నా తల మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఇక పెట్టే వాళ్లు కూడా లేరు. ఆ మాట తోచగానే సగం సీసా అరచేతిలో వంపుకుని మాడు మీద చరుచుకున్నాను.

ముందు చల్లగానే ఉంది. తర్వాత మొదలైంది, ఓరి నాయనో! నెత్తిన నిప్పులు పోసినట్టే. నుదుటి మీదికి జారింది, కళ్లు భగ్గుమన్నాయి. చెంబుతో నీళ్లు గుమ్మరించుకుంటే ఇంకా రాజుకుంది. కేకలు పెట్టాను.

పక్క పోర్షన్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. సూర్యాపేట వైపు వాళ్లు, భర్త నాచారం కంపెనీలో షిఫ్టులకు వెళ్తాడు. నీళ్ల మోటారు దగ్గర పోట్లాడుకోవడం తప్ప మా మధ్య మాటలు లేవు.

"అయ్యో, ఏం పెట్టుకున్నవక్కా నెత్తికి? ఇల్లంత గుప్పుమంటున్నది!"

తువ్వాలుతో నా మొహం, తల తుడిచింది. కొబ్బరినూనె డబ్బా వెతికి తెచ్చి నన్ను కింద కూర్చోబెట్టింది.

"జర ఆగు, సల్లబడ్తది. గిట్ల ఎవలన్న పోసుకుంటరా? గింత సదువుకున్నవ్, ఏం లాభం!"

తిడుతూనే నూనె పోసి, అరచేత్తో మాడు మీద మెల్లగా రుద్దసాగింది.

నాకు ఏడుపొచ్చింది. మామూలుగా కాదు, వెక్కి వెక్కి వచ్చింది. పాపం, ఆ అమ్మాయి హడలిపోయింది.

"మస్తు మండుతున్నదా అక్కా? దవాఖానకు పోదామా?"

వద్దన్నట్టు చెయ్యి ఊపాను. ఆమె రుద్దుతూనే ఉంది. కాసేపటికి మంట పూర్తిగా పోయింది, తల హాయిగా ఉంది. అప్పుడు చెయ్యి ఆపింది.

"ఇగ తగ్గినట్టేనా? పొయ్యి మీద కూర పెట్టి ఉరికొచ్చిన. పోనా మరి?"

"లేదమ్మా, ఇంకా మండుతోంది" అన్నాను.