నవాబు పళ్లు, మా మేనత్త తిట్లు

నా చిన్నప్పుడు నేను ఏళ్ల తరబడి ఆశపడి, తీరా చేతికి వచ్చాక "ఇది నాకెందుకు దొరికిందిరా దేవుడా" అని తల పట్టుకున్నది ఒక్కటే ఉంది. అది పక్కింటి అక్క పెంచిన కుందేలు.

అప్పట్లో మేము జహీరాబాదులో, బొంబాయి రోడ్డుకు ఒక వీధి లోపలికి ఉండేవాళ్లం. బరువు లారీ పోయినప్పుడల్లా మా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. పక్కింటి అక్క తాను బడికి వెళ్లే రోజుల్లోనే ఆ కుందేలును పిల్లగా తెచ్చుకుంది. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు, ఎవరినీ లెక్కచేయని నడక. ఆ దర్జా చూసి నవాబు అని పేరు పెట్టింది. వీధిలో పిల్లలమంతా పిట్టగోడ మీద వరసగా కూర్చుని దాన్ని చూసేవాళ్లం. ముట్టుకోవాలంటే వంతులు ఉండేవి. ఆ వంతులు కూడా అక్క మనసు ఎలా ఉంటే అలా. ఒక్కరోజు మా ఇంట్లో ఉంచుకుంటానని నేను ఎంత బతిమాలినా ఆమె ఇవ్వలేదు.

నాకు పదేళ్ల వయసులో అక్కకు బీదర్ సంబంధం కుదిరింది. అత్తగారు ఇంట్లో కుందేలు కుదరదన్నారట. అప్పగింతల రోజు పెళ్లిచీర కొంగు సర్దుకుంటూనే అక్క మా ఇంటికి వచ్చి, అల్లం మోసే గంపలో గడ్డి వేసి కూర్చోబెట్టిన నవాబును నా ఒళ్లో పెట్టింది. "జర మంచిగ చూసుకోవే. ముసలిదైంది. దాన్ని తిట్టకు, భయపడ్తది," అని ఏడ్చింది. నేను లోపల్లోపల గంతులేస్తూ పైకి ఏడుపు ముఖం పెట్టాను.

నాకు వచ్చింది గోడ మీద నుంచి చూసిన ఆ నవాబు కాదని తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. దాని గడ్డం కింద ఎప్పుడూ తడిగా ఉండేది. దగ్గరికి తీసుకుంటే పులిసిన వాసన. గడ్డి వేస్తే ఆత్రంగా వచ్చేది, ఒక పరక నోట పెట్టుకునేది, అటూ ఇటూ తిప్పి కింద పడేసేది. ముల్లంగి ఆకు పెట్టాను, కొత్తిమీర పెట్టాను, మా అమ్మ చూడకుండా బెల్లం కూడా పెట్టాను. వాసన చూసి ముఖం తిప్పుకుంది. పెంచినావిడ పోయిందన్న బెంగ అనుకుని మొదట జాలిపడ్డాను. ఆ తర్వాత, నేనిచ్చేది నవాబుగారి కంటికి ఆనడం లేదని ఒళ్లు మండిపోయింది.

దాని సంగతి కనిపెట్టింది మా మేనత్త. నాన్నకు అక్క. మా ఇంట్లోనే ఉండి, వాకిట్లో మిషన్ పెట్టుకుని వీధి మొత్తానికీ జాకెట్లు కుట్టేది. పొద్దున్నే ఆమె మిషనూ ఆమె తిట్లూ కలిసి మొదలయ్యేవి. తెగిన దారాన్ని తిట్టేది, మొద్దుబారిన సూదిని తిట్టేది, కొలతకు వచ్చి చెయ్యి సరిగ్గా చాపని వాళ్లను తిట్టేది. ఆమె నోటికి భయపడి మా వీధి కుక్క కూడా మా అరుగెక్కేది కాదు. నా గొణుగుడు విని విసుగెత్తి, ఒకరోజు నవాబును ఒళ్లోకి లాక్కుని పై పెదవి ఎత్తి చూసింది.

"ఓసి నీ పాడుగాను! తినకేం జేస్తది? తినొస్తలేదే దీనికి. పండ్లు జూడు, కొడవళ్ల లెక్కున్నయి!"

ముందు పళ్లు పొడుగ్గా పెరిగి, లోపలికి వంపు తిరిగి ఉన్నాయి. నోరు సరిగ్గా మూసుకోవడానికి కూడా వీలు లేదు.

మర్నాడే అత్తా నేనూ గంప పట్టుకుని పశువుల దవాఖానకు పోయాం. అక్కడ చెట్టు కింద మొగుడంపల్లి వైపు నుంచి వచ్చిన ఎద్దులు, బర్రెలు వరసగా కట్టేసి ఉన్నాయి. మా గంపలోకి తొంగి చూసి నవ్వనివాళ్లు లేరు. "ఏమమ్మా, నాగలికి కట్టుడు బందు జేసినవా దీన్ని?" అన్నాడొక రైతు. అత్త అతన్ని అతని ఎద్దుతో కలిపి తిట్టింది. డాక్టరుగారూ ముందు నవ్వారు గానీ, నోరు తెరిచి చూశాక నవ్వు ఆపేశారు. కుందేలు పళ్లు మన గోళ్లలాగా బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయని, పైవీ కిందవీ ఒరుసుకుంటేనే అరుగుతాయని, దీనికి ఆ పొందిక తప్పిందని చెప్పారు. తువ్వాలలో చుట్టి గట్టిగా పట్టుకోమని, చిన్న కత్తెర లాంటి దానితో ముందు పళ్లు కత్తిరించారు. అలా కత్తిరిస్తే పళ్లు చీలిపోతాయని, మెల్లగా అరగదీయాలని ఇప్పుడు చెబుతున్నారు. మాకు ఆనాడు దొరికింది ఆ కత్తెరే.

"ముందువి మళ్ల పెరుగుతయి, మళ్ల తీస్కరండ్రి. లోపటి దవడ పండ్లు గూడ నాలుకకు గుచ్చుకుంటున్నయి, అవి నాతోని కావు," అన్నారాయన. "మెత్తగ నూరి తాపియ్యాలె. కడుపు ఖాళీగ ఉండనియ్యకండ్రి. దీని పేగులు ఆగినయంటె మళ్ల కదలవు."

ఆ మాటతో నా బాల్యానికి సంకెళ్లు పడ్డాయి. బడికి పోయేముందు గరిక కోసుకురావాలి. అది మెత్తగా నూరి, నీళ్లతో పలచగా కలపాలి. నవాబును తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, నా చిన్ననాటి ఉగ్గుగిన్నె ముక్కును దాని బుగ్గ పక్కనుంచి నోట్లోకి పెట్టి కొంచెం కొంచెంగా పోయాలి. తర్వాత గడ్డం తుడిచి, ఆరబెట్టి, పుండు పడకుండా కొబ్బరినూనె రాయాలి. పెంటికలు పడ్డాయా లేదా అని గంప వెతకాలి. బడి నుంచి రాగానే మళ్లీ మొదటి నుంచి. నేను బడిలో ఉన్నంతసేపూ అత్త చూసేది.

పోనీ ఆ నవాబుకు కాస్తయినా విశ్వాసముందా? గుటక వేసినట్టే వేసి, నేను నమ్మి గిన్నె దించగానే తల విదిలించేది. గోడ మీద పచ్చటి చుక్కలు, నా జడ మీద పచ్చటి చుక్కలు, ఎవరివో పెళ్లి జాకెట్ల మీద పచ్చటి చుక్కలు. అత్త మిషన్ ఆపి, దాని తాత ముత్తాతల దాకా తిట్టి, మరక ఉతికి, వచ్చి దాని మూతి తుడిచేది. నేను మాత్రం తిట్టేదాన్ని కాదు. తిట్టకు అని అక్క చెప్పింది కదా. పళ్లు కొరుకుతూ "తిను నా రాజా, తాగు నా బంగారం" అంటూ పోసేదాన్ని. అదేం విచిత్రమో, అత్త చేతిలో గిన్నె ఖాళీ అయ్యేది. నా చేతిలో సగం నేలపాలయ్యేది.

సద్దుల బతుకమ్మ నాడు నా ఓపిక అయిపోయింది. కొత్త పసుపురంగు లంగా కట్టుకున్నాను. వీధిలో ఆడపిల్లలంతా పళ్లేల్లో బతుకమ్మలు పెట్టుకుని బయలుదేరుతున్నారు. నవాబుకు తాపించి వచ్చెయ్యి అంది అమ్మ. ఒళ్లో పెట్టుకున్నాను, బంగారం అన్నాను, గిన్నె వంచాను. అది నా ముఖం చూసి, తీరిగ్గా, నోట్లో ఉన్నదంతా నా కొత్త లంగా మీద ఊసింది.

"నాతోని కాదు!" అని అరిచాను. "అడిగినన్ని రోజులు ఇయ్యలేదు. పండ్లూడే యాల్లకు నా నెత్తిన వెట్టి పోయింది. ఇగ నేను చెయ్య!"

అత్త మిషన్ ఆపింది. వచ్చి నవాబును గంపలో దించింది. ఆ తువ్వాలను నా చేతులు లోపలికి పోయేలా నా చుట్టూ బిగించి, నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టింది. వంటింట్లోంచి ఇంకో ఉగ్గుగిన్నెలో బెల్లం కలిపిన అంబలి తెచ్చింది.

"నా బంగారు తల్లీ, నా చిట్టి గదా, తాగమ్మా," అంది. ఆ గొంతు నేను అంతకుముందెప్పుడూ వినలేదు, తేనెలా ఉంది. మాట పూర్తయ్యేలోపే గిన్నె ముక్కు టక్కున నా పళ్లకు తగిలింది. గబగబా వంచేసింది. గుటక పడేలోపే ఇంకా పోసింది. అంబలి ముక్కులోకెక్కి, గడ్డం మీదుగా మెడలోకి కారింది. నేను దగ్గుతూ తల విదిలించాను.

అత్త చెంగుతో నా మూతి తుడిచింది. మళ్లీ గిన్నె తీసుకుంది.

"ఏందే నీ మొకం మొకమా? పండుగ పూట నాకీ గాచారమేంది? తాగుతవా, నెత్తిన పొయ్యన్నా?" అంటూనే ఉంది. ఆమె ఎడమచెయ్యి నా గడ్డం కింద మెత్తగా ఆని ఉంది. గిన్నె ముక్కు పెదవి చివర తాకీ తాకనట్టు ఆగింది. కొంచెం పోసి, నేను మింగేదాకా ఆగింది. మళ్లీ కొంచెం. తిట్టు ఎంత వేగంగా వస్తున్నా చెయ్యి మాత్రం తొందరపడలేదు. గిన్నె ఎప్పుడు ఖాళీ అయిందో నాకే తెలియలేదు.

"ఇప్పుడు జెప్పు. ఏ అత్త గావాలె నీకు?"

"తిట్టే అత్త," అన్నాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియదు.

"కోపమొస్తది బిడ్డ. ఆ ముసలోని మీద నాక్కూడ రోజు వస్తది. రాకుంటె మనం మనుషులమెట్లయితం? వచ్చిన కోపం ఎటో అటు పోవాలె. నువ్వు నోరు కట్టేసుకుంటివి, అది చేతులకు దిగె. నోటితోని ఎంతన్న తిట్టు, ఫికర్ లేదు. చేతులతోని తిట్టకు. దానికి నీ మాటలేం సమజయితయే? చేతులే సమజయితయి."

తువ్వాల విప్పింది. నేను నవాబును ఎత్తుకున్నాను. నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను. ముసలి పీనుగా అన్నాను, పుల్లటి మూతోడా అన్నాను, లంగా పాడు చేసిన దొంగా అన్నాను. అంటూ ఉంటే నా భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. నవాబు కళ్లు సగం మూసుకుని గుటకలు వేసింది. ఆ సాయంత్రం పచ్చటి మరకల లంగాతోనే పరుగెత్తి వెళ్లి బతుకమ్మ ఆటలో కలిశాను.

చలికాలంలో పక్కింటి అక్క పుట్టింటికి వచ్చింది. వచ్చీ రాగానే పిట్టగోడ అవతలి నుంచి నా తిట్లు విన్నది. ముఖం ఎర్రగా చేసుకుని మా వాకిట్లోకి వచ్చింది. "నమ్మి ఇస్తె గిట్లనా చూసుకునేది? తిట్టకని చెప్పలేదా?" అని నవాబును నా ఒళ్లోంచి లాక్కుంది. నాకు కోపం ముంచుకొచ్చింది. ఆర్నెల్లుగా గరిక నూరుతున్నది నేను, పెంటికలు వెతుకుతున్నది నేను.

"నా నవాబు, నా రాజా," అంటూ అక్క తాపించబోయింది. ఆమెకు ఎక్కడ పట్టుకోవాలో, ఎటు నుంచి పొయ్యాలో తెలియలేదు. నవాబు తల విదిలించి, కాళ్లు తన్ని, జారి నా దగ్గరికి వచ్చి నా మోకాలికి ఆనుకుని కూర్చుంది. "వచ్చినవా నా ప్రాణం తినెతందుకు," అని ఎత్తుకుని మిగతాది తాపించాను. అక్క చూస్తూ కూర్చుంది. చూస్తూ చూస్తూ వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

కుందేలు తనను మరిచిపోయిందని ఏడుస్తోందనుకున్నాను. మా అత్త వెళ్లి ఆమె పక్కన కూర్చుంటే అప్పుడు చెప్పింది. "మా అత్తగారింట్ల ఒక్కరు గూడ గట్టిగ మాట్లాడరత్తా. అమ్మా అంటరు, తల్లీ అంటరు. పొద్దుగాల్ల నుంచి రాత్రి దాక పని జేపిస్తరు. తిన్నవా అని మాత్రం ఒక్కరడగరు."

అత్త ఆమె మణికట్టు పట్టుకుని చూసింది. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. "గింత బక్కగయ్యేదాక ఏం జేస్తున్నవే? నోరు లేదా నీకు? పుట్టినింటికి కబురంపొద్దా, దద్దమ్మా?" అని తిడుతూనే లేచి వెళ్లి, వేడి జొన్నరొట్టె మీద నెయ్యి వేసి తెచ్చింది. ముక్కలు తుంపి ఆమె చేతికిచ్చింది. అవి అయిపోయేదాకా తిడుతూనే ఉంది. అక్క తింటూనే ఉంది. ఆ సాయంత్రమే అత్త పక్కింటికి పోయి అక్క నాన్నతో చాలాసేపు మాట్లాడింది. అక్క ఆ నెలంతా ఇక్కడే ఉంది. తర్వాత అక్క నాన్న తాను వెంట వెళ్లి, అత్తింటివాళ్లతో మాట్లాడి దిగబెట్టి వచ్చాడు. ఆ పైన ఆమె వచ్చినప్పుడల్లా చేతులు కాస్త నిండుగా కనిపించేవి.

నవాబు ఆ ఎండాకాలం దాకా బతికింది. ఒక మధ్యాహ్నం మిషన్ కింద తనకు ఇష్టమైన చోట పడుకుని, ఇక లేవలేదు. అత్త చూసి మిషన్ ఆపింది. "చెప్పకుంట పోతవా, ముసలోడా," అని తిట్టింది. ఆ తర్వాతి తిట్టు సగంలోనే ఆగిపోయింది. ఆమె నోరు మూతపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు నాకు అరవై దాటింది. మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మూడు పూటలా నేనే తినిపిస్తాను. మందు మింగనంటాడు, చారు చొక్కా మీద పోసుకుంటాడు, నడవమంటే రేపంటాడు. నేను ఊరుకోను. కిటికీలోంచి నా గొంతు విని, పాపం ఆయనను కాల్చుకు తింటోందని కింది వాటాలో వాళ్లు అనుకుంటున్నారట. ఆ మాట ఆయనకు చెప్పి, ఇక మీద తిట్టనులే అన్నాను. ఆయన వంకరపోయిన పెదవితోనే నవ్వాడు.

"ఆపకు. నువ్వు తిట్టుడు బందు వెడితె నాకు భయమయితది," అన్నాడు. "అప్పుడు చెంచ పండ్లకు తగుల్తది."