ఆపీసింది వదినా

హ్యాండ్‌బాల్ జట్టులో ఫుల్ ప్యాంటు వేసుకుని ఆడేది గోల్‌కీపర్ ఒక్కతే. నేను గోల్‌కీపర్‌ని కావడానికి కారణం అదే. నా చేతుల చురుకూ కాదు, కాళ్ళ వేగమూ కాదు. తర్వాతెప్పుడో పత్రికల వాళ్ళు ఈ ఆట మీద ఆసక్తి ఎలా కలిగిందని అడిగితే చిన్నప్పటి నుంచీ పట్టుదల అనీ, క్రమశిక్షణ అనీ ఏవేవో చెప్పేదాన్ని. ప్యాంటు సంగతి చెబితే నమ్మేవాళ్ళు కారు.

మాది విశాఖపట్నం వన్‌టౌన్. నాన్న అక్కడి ముస్లిం కుటుంబంలో పుట్టిన దర్జీ. అమ్మ జ్ఞానాపురం కేథలిక్కుల అమ్మాయి, నర్సు. ఇద్దరూ ఎవరికీ చెప్పకుండా రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి పెళ్ళి చేసుకున్నారు. ఆ రోజు నుంచి నాన్న తల్లి దాదీకీ, అమ్మ తల్లి అమ్మమ్మకీ మాటల్లేవు. రెండిళ్ళ మధ్యా ఆటో ఎక్కి సర్దుకుని కూర్చునేలోపే దిగిపోయేంత దూరం. ఆ దూరాన్ని ఇద్దరూ ఏళ్ళ తరబడి దాటలేదు. నేను మాత్రం ఆదివారాలు అమ్మమ్మ దగ్గర, మిగతా రోజులు దాదీ దగ్గర పెరిగాను. ఇక్కడ ఒక పేరుతో పిలిచేవారు, అక్కడ ఇంకో పేరుతో.

నాకు ముద్దుముచ్చట్లకు లోటు లేదు. రంజాన్‌కొక కొత్త జత, క్రిస్మస్‌కొక కొత్త జత. స్కూల్లో పిల్లలు కుళ్ళుకునేవారు. కానీ పుట్టినరోజు కేకు రెండిళ్ళలో రెండుసార్లు కోసి కోసి నాకు విసుగెత్తిపోయింది. నేను కోరుకున్నది ఒక్కటే, వాళ్ళిద్దరూ ఒక్కసారైనా ఒక చోట కూర్చోవాలి. దానికోసం ఒక ఏడాది మసీదు వీధిలోనూ, చర్చిలోనూ కూడా ప్రార్థన చేశాను. రెండు చోట్లా పని కాలేదు.

హైస్కూల్లో ఉండగా డ్రిల్లు మాస్టారు నన్ను హ్యాండ్‌బాల్‌కి ఎంపిక చేశారు. కాళ్ళు కనబడే ఆటైతే వీల్లేదంది దాదీ. నాన్న మిషన్ మీద వంచిన తల ఎత్తలేదు. తల్లి మాట్లాడుతుంటే ఆయన తల ఎప్పుడూ మిషన్ మీదే ఉండేది. విషయం విని మాస్టారు నవ్వి, అయితే నిన్ను గోల్లో నిలబెడతాను, కీపరుకి ఫుల్ ప్యాంటు, ఫుల్ చేతులు అన్నారు. దాదీకి అభ్యంతరం చెప్పడానికి ఏమీ మిగల్లేదు. నాన్న ఆ సాయంత్రమే మందపాటి గుడ్డ తీసి, మోకాళ్ళ దగ్గరా తుంటి దగ్గరా దూది కూరి ప్యాంటు కుట్టేశాడు. అది వేసుకుని నడిస్తే పరుపు నడిచొస్తున్నట్టుండేది.

ఆదివారం అమ్మమ్మ ఆ ప్యాంటు చూసింది. ఇది దాదీ పెట్టిన ఆంక్షే అనుకుంది.

"మండుటెండలో పిల్లకి బొంత కట్టీసేరేటి?" అని, నిజమేంటో తేల్చుకోవడానికి మా తర్వాతి మ్యాచ్‌కి గొడుగు పట్టుకుని వచ్చేసింది. చూస్తే అవతలి జట్టు కీపరు కూడా ప్యాంటులోనే ఉంది. ఆ పిల్ల ముస్లిమూ కాదు, ఆనందపురం రైతుల అమ్మాయి అని వాళ్ళనీ వీళ్ళనీ అడిగి తెలుసుకున్నాక గానీ అమ్మమ్మ శాంతించలేదు. అదే మ్యాచ్‌కి దాదీ కూడా వచ్చింది, నేను ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచేస్తున్నానేమో చూడ్డానికి. అలా మా ఇద్దరు పెద్దవాళ్ళూ ఒకే ప్యాంటు కోసం ఒకే మైదానానికి వచ్చారు. ఒకరు ఈ గోలు వెనక, ఇంకొకరు ఆ గోలు వెనక కూర్చున్నారు.

మైదానం పోర్టు పక్కనే. గాలి ఇటు తిరిగితే బొగ్గుపొడి వచ్చి నేలంతా పరుచుకునేది. ఒక్కసారి కింద పడి లేస్తే మొహం ఎవరిదో పోల్చుకోలేం. మా గోలుకి కట్టిన వల ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన పాత చేపల వల. అందులో పడ్డ బంతి తీసి విసిరితే చేతులు కంపు కొట్టేవి. ఆట తెలియని వాళ్ళ కోసం ఒక్క మాట చెప్పాలి. ఫుట్‌బాల్ లాంటి ఆటే, కాకపోతే చేత్తో విసురుతారు. విసిరే అమ్మాయి ఎగిరి, బాగా దగ్గర నుంచి విసురుతుంది. కీపరుకి గ్లవ్స్ ఉండవు. బంతిని పట్టుకునే వ్యవధీ ఉండదు. చెయ్యో, కాలో, కడుపో, మొహమో, ఏదో ఒకటి అడ్డం పెట్టాలి. ఆ భయం నాకెందుకో లేకపోయింది. పైగా అక్కడ నాకు రెండు పేర్ల గొడవ లేదు. అందరూ కీపరూ అనే పిలిచేవారు. ఆ పిలుపంటే నాకు ప్రాణం.

సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి. దాంతో సగం ఆట దాదీ ముందూ, సగం ఆట అమ్మమ్మ ముందూ ఆడేదాన్ని. ఇంటికొచ్చాక ఇద్దరిదీ ఒకటే మాట, నా ఎదురుగా ఉన్నంతసేపూ బాగానే ఆపింది, అటు వెళ్ళేసరికే వదిలేసింది అని. ఆ లెక్కన నేను ఏ మ్యాచ్‌లోనూ ఒక్క గోలూ వదల్లేదు, ఒక్క గోలూ ఆపలేదు.

నేను కాలేజీకి వచ్చేసరికి దాదీ కళ్ళకి శుక్లాలు వచ్చాయి. సూదిలో దారం ఎక్కించడం ముందు పోయింది, ఆ తర్వాత మనుషుల మొహాలు పోయాయి. అయినా నాన్న చెయ్యి పట్టుకుని మ్యాచ్‌లకి వచ్చేది. ఒక వేసవి టోర్నమెంటులో ఎండ మాడ్చేస్తోంది. మైదానం మొత్తానికి నీడ ఉన్నది ఒక్కచోటే, గోడౌన్ గోడ పక్కన, దాదీ కూర్చున్న సిమెంటు బల్ల మీద. అమ్మమ్మ తన వైపు కాసేపు ఓర్చుకుంది. తర్వాత గొడుగు మడిచి, మొహం అటు తిప్పుకుని వచ్చి అదే బల్లకి రెండో చివర కూర్చుంది. మధ్యలో తన సంచీ పెట్టుకుంది, సరిహద్దు రాయిలా.

బల్లకి ముందు గోల్లో నేనున్నాను. అవతలి జట్టు అమ్మాయి ఎగిరి కొట్టిన బంతి నా చంక కింద నుంచి వెళ్ళి వలలో పడింది. నాన్న అప్పటికే టీకి వెళ్ళాడు. దాదీ గాలిలోకి అడిగింది.

"ఏటయ్యింది?"

నేను వంగి వలలోంచి బంతి తీస్తున్నాను. వెనక నుంచి అమ్మమ్మ గొంతు నింపాదిగా వినిపించింది.

"ఆపీసింది."

నా చేతిలో బంతి అలాగే ఉండిపోయింది. అమ్మమ్మ అబద్ధం ఆడదు. ఇంట్లో పాలు విరిగిపోతే వచ్చిన చుట్టాలకి ఆ మాటే చెప్పి నల్ల టీ ఇచ్చే మనిషి. అలాంటిది ఆ రోజు నేను వదిలేసిన ప్రతి బంతికీ అదే మాట చెప్పింది. దాదీ అడగడం, అమ్మమ్మ చెప్పడం. చివర్లో దాదీ మాట కొంచెం మారింది.

"ఏటయ్యింది వదినా?"

వియ్యపురాలిని వదినా అని పిలవడం మా వైపు మామూలే. మా ఇంట్లో అది అంతవరకూ ఎప్పుడూ వినబడలేదు. అమ్మమ్మ సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. తర్వాతి బంతి నేను అసలు చూడనే లేదు. అదీ ఆపేశానట.

ఆ మ్యాచ్ చిత్తుగా ఓడిపోయాం. సాయంత్రం దాదీ వీధిలో ఇంటింటికీ మిఠాయి పంచింది. నేనూ ఒకటి తీసుకుని తిన్నాను. చర్చిలో ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఈ సంగతి చెప్పావా అని అమ్మమ్మని ఆట పట్టిస్తే, ఫాదర్‌గారికి హ్యాండ్‌బాల్ తెలీదు, చెప్పినా దండగే అంది.

తర్వాత ఆటే నాకు ఉద్యోగమైంది. ఒక పెద్ద సంస్థ జట్టులోకి తీసుకున్నారు, జీతమిచ్చారు, ఊళ్ళు తిప్పారు. జాతీయ శిబిరాల్లో ఉన్నాను. డబ్బిచ్చి ఆడించే లీగ్‌లోనూ ఆడాను. సెలవులకి ఇంటికొస్తే యారాడ బీచ్ ఇసుకలో పడుతూ లేస్తూ సాధన చేసేదాన్ని. అక్కడి ఆడవాళ్ళు నన్ను చూసి, సేప ఒడ్డున పడ్డట్టే ఉందమ్మా అని నవ్వేవారు. నేను ఎక్కడ ఆడుతున్నా ఆట ఫోన్‌లో వచ్చేది. అమ్మమ్మ ఆ ఫోన్ పట్టుకుని ఆటో ఎక్కి వన్‌టౌన్ వచ్చి, దాదీ మంచం మీద కూర్చుని చూస్తూ చెప్పేది. అవతల నేను ఎంత ఘోరంగా ఓడినా ఆ మంచం మీద ఏనాడూ ఓడలేదు. ఆట అయ్యాక ఇద్దరూ కలిసి అన్నం తినేవారు.

అమ్మ మాత్రం ఊరుకునేది కాదు. చిన్న ఆపరేషన్, మర్నాటికి చూపొచ్చేస్తుంది అని దాదీని పోరుతూనే ఉండేది. దాదీ ససేమిరా అనేది. ఈ వయసులో ఇంక సూడాల్సిందేటుంది అనేది. నేను పైకి అమ్మకే వంతపాడేదాన్ని గానీ లోపల గుబులుగా ఉండేది. దాదీకి చూపొస్తే ఇన్నేళ్ళ అబద్ధం బయటపడుతుంది. గుడ్డిదాన్ని చేసి ఆడించింది అనుకుంటే వాళ్ళిద్దరూ మళ్ళీ ఎవరి గోలు వెనక వాళ్ళు కూర్చుంటారు.

మోకాలు దెబ్బతిని నా ఆట ముగిసింది. ఇంటికొచ్చేసి, ఉక్కునగరం గ్రౌండ్‌లో ఆడపిల్లలకి ఆట నేర్పడం మొదలుపెట్టాను. ఆ వర్షాకాలమే అమ్మమ్మ జ్వరంతో పోయింది. దాదీ మొదటిసారి చర్చి మెట్లెక్కింది. అక్కడ ఎవరేం చదువుతున్నారని గానీ, ఏం జరుగుతోందని గానీ నన్ను అడగలేదు.

చలి మొదలయ్యాక ఒక పొద్దున దాదీ తనంతట తనే అమ్మని అడిగింది, ఆస్పత్రికి ఎప్పుడు తీసుకెళ్తావని. అమ్మ చేతిలో గరిటె జారిపోయింది. ఆపరేషన్ బాగా జరిగింది. నల్లద్దాలు తీసేశాక దాదీ అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసి, నాన్న తల నెరిసిపోయిందని బాధపడింది. మా పిల్లల ఆట చూస్తానంటే ఒక ఆదివారం ఉక్కునగరం తీసుకెళ్ళాను.

గట్టు మీద పక్కపక్కన కూర్చున్నాం. మా కీపరు పిల్ల ఒక బంతి వదిలేసింది. దాదీ అది వలలో పడటం కళ్ళారా చూసింది. ఇక దాచలేక, అమ్మమ్మ చెప్పినవన్నీ నిజం కాదు దాదీ అన్నాను. దాదీ నా వైపు తిరగలేదు.

"గోలు పడితే అవతలోళ్ళు అరుత్తారు కదా బేటా. పొర నా కళ్ళకొచ్చింది గానీ సెవులకి రాలేదు."

మరి అన్నీ తెలిసి, ఆపరేషన్‌కి ఇన్నేళ్ళూ ఎందుకు రానన్నావని అడిగాను.

దాదీ కొత్త కళ్ళతో గ్రౌండ్‌నే చూస్తూ అంది.

"నాకు సూపొచ్చీత్తే వదిన ఇంకెందుకొత్తాది?"